మంద అమ్మడానికి పోలేదు నేను

"ఈ తూరి చేన్లు కుదిర్చేదానికి పులివెందుల దిక్కుకు నేను గూడా వస్తా. ఆడి రైతులు నన్ను గూడా రొంత చూసి పెట్టుకుంటారు."

"నువ్వొచ్చి ఏం జేస్తావు? గొర్రెల్ని నువ్వు చూస్కో, రైతుల్ని నేను చూస్కుంటా. పడుకో."

మా ఇంటాయనా నేనూ చివరగా మాట్లాడుకున్న మాటలు ఇవి. ఆయన పడుకున్నాడు. మళ్లీ లేవలేదు. ఒక్క మంచి మాటైనా చెప్పి పోలేదే అని చాలా నాళ్లు ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు తగ్గింది, కోపం మిగిలింది.

మాది చాపాడు పక్కన పల్లె. గొర్రెలు సాకే ఇల్లు. ఎండాకాలంలో చేలు ఖాళీ అయినాక మంద నిలపడం మా పని. తెలియని వాళ్ల కోసం చెప్తాను. పగలంతా మేపిన గొర్రెలను పొద్దు గుంకే వేళకు ఒక రైతు చేలోకి తోలి, చుట్టూ వల కట్టి, తెల్లవారేదాకా అక్కడే ఆపుతాం. అవి వేసే పెంటికలూ పోసే ఉచ్చా ఆ నేలకు ఎరువు. మర్నాడు వలను పక్కకు జరుపుతాం. అట్లా చేనంతా అయ్యేదాకా ఉంటాం. రైతు రాత్రికింతని ఇస్తాడు, కాపర్లకు బువ్వ పెడతాడు. ఎండాకాలం ఈ పని దొరక్కపోతే వానలు పడేదాకా మందను సాకలేం. ఒక్కొక్క జీవాన్నే తెగనమ్ముకుంటూ పోవాలి. వానలు పడేసరికి చేతిలో కట్టె మాత్రం మిగులుతుంది.

ఆయన ఫోన్‌లో రైతుల నంబర్లు అన్నీ ఉన్నాయి. మా అన్న గంగన్న కూతురు భారతి చేత ఒక్కొక్కరికీ చేయించాను. "అయ్యో, సుబ్బరాయుడు పోయినాడా? శానా మంచోడమ్మా" అని కాసేపు బాధపడేవాళ్లు. మందను ఎప్పుడు తోలమంటారు అని అడిగేసరికి, "ఈ తూరి వేరేవాళ్లకు చెప్పినాంలే" అనేవాళ్లు. ఏమి న్యాయం ఇది? గొర్రెలు అవే. అవి వేసేదీ అదే. ఆయన ఏమన్నా చేలో తానే కూర్చుని వేసేవాడా?

ఇక కొత్త రైతులను నేనే వెతుక్కోవాలని బయలుదేరాను. పోకముందు ఒక పని చేశాను. మా అన్న గంగన్నను, ఇద్దరు కాపర్లను పెట్టి మందను ముందే దారిన పెట్టించాను.

"చేను కుదరకముందే మందను దావన బెడతావా? పిచ్చి పట్టిందా నీకు?" అని మా అన్న నా మీద లేచాడు.

"కుదిరినాక బయల్దేరితే చేరేలోపల ఇంగొకడు తోలుకొస్తాడు. నువ్వు తొండూరు దిక్కు నడుచుకుంటా పో. నేను బస్సులో వస్తా."

"కుదరకపోతే?"

"అప్పుడు తిట్టు. ఇప్పుడు నడువు."

అన్నానే గానీ నాకూ భయమే. దారి పక్క మేత ఎంతసేపు వస్తుంది? పిల్లలు వేసిన గొర్రెలు ఉన్నాయి. మంద తొండూరు చేరేలోపల ఒక చేను దొరకాలి. లేదంటే మందంతా నడిరోడ్డు మీద ఉంటుంది. అప్పుడు ఎవరు ఏ ధర చెప్తే ఆ ధరకు ఇచ్చెయ్యాల్సిందే.

మా వాళ్లలో ఇంకో ఆడమనిషి ఎప్పుడైనా ఒంటిగా ఈ దారిన పోవాల్సి వస్తే తెలియాలని చెప్తున్నాను. మాటలు నావి, రాత భారతిది. నేను తిట్టిన తిట్లు కొన్ని ఈ పిల్ల మింగేస్తున్నదని నాకు అనుమానం.

ప్రొద్దుటూరు: ఎరువుల అంగడి

చేతిసంచిలో ఒక చీర, సంగటిముద్ద, గుడ్డమూటలో మా గొర్రెల పెంటికలు. నవ్వకండి. చీరలమ్మేవాళ్లు మడత విప్పి చూపించరా? నా సరుకు ఇది.

బస్సులో కండక్టరు ముక్కు మూసుకున్నాడు. "ఏముందమ్మా సంచిలో? వాసనొస్తాంది."

"టికెట్టు కొట్టినావు గదప్పా. వాసనకు ఇంగోటి కొడతావా?"

బస్సంతా నవ్వింది. ఆయనా నవ్వి ముందుకు పోయాడు. జమ్మలమడుగు దాటేదాకా నన్ను చూసి నా మంద ధర అడగని మగవాడు ఆయనొక్కడే.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వీధి దాటుకుంటూ పోయాను. ఎండకు ఆ గాజు తలుపులు కళ్లలో పొడుస్తాయి. పక్క సందులో ఎర్రకారం దోసె తిన్నాను. నలభై రూపాయలు! మా ఊళ్లో ఇంటి ముందర పొయ్యి పెట్టుకున్న ఆమె ఆ డబ్బులకు ఇంటిల్లిపాదికీ పోస్తుంది. కానీ అబద్ధం ఎందుకు చెప్పాలి, నెయ్యి ఓడుతూ బాగుంది. ఇంకోటి తినాలనిపించింది. తినలేదు.

మా ఆయన ఎప్పుడొచ్చినా ఒక శెట్టి గారి ఎరువుల అంగట్లో కూర్చునేవాడు. రైతులంతా అక్కడికి వస్తారు కాబట్టి, ఎవరి చేను ఖాళీగా ఉందో శెట్టికి తెలుస్తుంది. మా ఆయనకైతే స్టూలు వేయించి టీ తెప్పించేవాడని విన్నాను. నన్ను గడప దగ్గరే నిలబెట్టాడు.

"సామీ, నేను సుబ్బరాయుడి భార్యను. పులివెందుల దిక్కు ఎవురికైనా మంద గావాల్నంటే చెప్పు. మంద దావలోనే ఉంది."

"ఇన్నానమ్మా, శానా అన్యాయమైపోయింది. ఎన్నుంటాయి జీవాలు?"

"రెండొందల పైమాటే."

"అందులో పొట్టేళ్లు ఎన్ని?"

ఎరువుకు పొట్టేలైతే ఏమి, గొర్రె అయితే ఏమి? ఎందుకు అడిగాడో నాకు తట్టలేదు. ఆయన ఫోన్ తీసి ఎవరితోనో మాట్లాడాడు. రైతును పిలుస్తున్నాడు, నా పని అయింది అనుకుని గడపకు ఆనుకుని కూర్చున్నాను. కాసేపటికి మోటరుసైకిలు మీద తెల్ల చొక్కా మనిషి ఒకడు దిగాడు. రైతు కాదు. జీవాలు కొని సంతలకు తోలే బేరగాడు.

"ఏమ్మా, మొత్తం ఒకేసారి ఇస్తావా, ఇడిఇడిగా ఇస్తావా?"

"ఏంది ఇచ్చేది?"

"గొర్రెలు. మగదిక్కు లేని మంద యాడ నిలుస్తాదమ్మా? ఈ పొద్దు ఉన్న ధర రేపుండదు."

నాకు ఒళ్లు మండింది. సంచిలో మూట తీసి శెట్టి బల్ల మీద విప్పాను. "ఇదప్పా నేను అమ్మేది. దీని ధర చెప్పు."

శెట్టి కుర్చీలోంచి ఎగిరిపడ్డాడు. "ఏయ్ ఏయ్! లక్ష్మీదేవి పటం ముందర ఏందిది!"

"నువ్వమ్మేదీ ఎరువే గదా సామీ. నీది మూటలో పోసి కుట్టినారు, నాది గుడ్డలో ముడేసినా. దానికే పటం ముందర ఇంత చోటిచ్చినావు, దీనికి ఇయ్యవా?"

బేరగాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. నవ్వుతూనే నా నంబరు అడిగాడు. నేను ఇవ్వలేదు. శెట్టి ఇచ్చాడు. శెట్టి ఫోన్‌లో మా ఆయన నంబరు ఉంది కదా, మా ఆయన ఫోన్ ఇప్పుడు నా దగ్గరే ఉంది. మా ఆయన పేరు మీద నాకు ఒక్క చేను దొరకలేదు, బేరగాడికి మాత్రం నేను దొరికాను.

జమ్మలమడుగు: అరటిపండ్ల బండి

మర్నాడు జమ్మలమడుగులో దిగాను. బస్టాండు ముందర టీ అంగడి దగ్గర పొద్దున రైతులు కూడతారని మా ఆయన చెప్పేవాడు. దిగగానే ఎదురైంది మాత్రం గండికోట చూడ్డానికి వచ్చిన పట్నం పిల్లలు. నా గొంగడి చూసి, "అమ్మమ్మా, ఒక ఫోటో" అని చుట్టూ చేరారు. "గొర్రెలేమన్నా కొంటారా?" అని నేనే అడిగాను. వద్దు వద్దంటూ పారిపోయారు.

టీ అంగడి దగ్గర నలుగురు కూర్చున్నారు. మంద అనే మాట నా నోటి నుంచి వచ్చిందో లేదో, గళ్ల తువ్వాలు మనిషి తలెత్తాడు.

"ఓహో, ప్రొద్దుటూరులో మంద అమ్ముతాండే ఆయమ్మ నువ్వేనా?"

నేను బస్సులో వచ్చాను, ఆ మాట ఫోన్‌లో వచ్చింది. నాకంటే ముందే దిగి, టీ తాగి, కూర్చుని ఉంది. మా ఆయన ఏళ్ల తరబడి తిరిగి కట్టుకున్న పరిచయాలు నాకు చేను చూపించలేకపోయాయి గానీ, ఆ బేరగాడి ఒక్క ఫోనుకు నా మంద ఊరూరా అమ్మకానికి పోయింది.

"నేను అమ్మేదానికి రాలేదప్పా. చేన్లో నిలిపేదానికి వచ్చినా."

"అట్లే అంటారులేమ్మా, ధర పెంచేదానికి," అని ఇంకొకాయన. "పోనీ, పిల్లలతో కలిపి ఎంత?"

అరిచాను. నాది మొదటి నుంచీ బండగొంతు. మంద వెనక కేకలేసి కేకలేసి ఇంకా మొద్దుబారింది. ఆ అరుపుకు బస్టాండులో కుక్కలు లేచాయి. ఏమన్నానో భారతి ఇక్కడ రాయదు.

పక్కన బండి మీద అరటిపండ్లు అమ్మే ఆమె నా చెయ్యి పట్టి లాగింది. పేరు ఖాసింబీ. నా ఈడుదే.

"ఏందక్కా ఆ అరుపు! నా గిరాకీలంతా పారిపోతాండారు. ఈడ కూచో, పండు తిను. తింటా తిట్టు."

బండి నీడలో కూర్చున్నాను. జరిగింది అంతా చెప్పాను. సగంలో ఆమె చేతిలో పండ్లు పక్కన పెట్టేసింది.

"నేను కాయలు తెచ్చేది పులివెందుల తోటల్లో నుంచే. ఆడ ఒక రెడ్డి ఉండాడు. పాత అరటి తీపించి చేను దున్నించినాడు. కొత్త పిలకలు వస్తాండాయి, నాటేలోపల మంద నిలపాల. వస్తానన్నోడు రేపు మాపు అంటాండాడు. మొన్న ఆ కోపమంతా నా మీద దించినాడు, నేనేదో గొర్రెలు దాచిపెట్టుకున్నట్టు."

నేను లేచి సంచి అందుకున్నాను. "పేరు చెప్పు, పోతా."

"ఆగక్కా. పోయి నా పేరు చెప్తావు. నువ్వు గూడా రేపు మాపు అంటివనుకో, ఆయన నాకు కాయలియ్యడు. నాకున్నది ఈ బండొక్కటే. యోచించి చెప్పు, మంద ఎప్పుడు పోతాది?"

"రేపు మాపటికి."

"ఎహె, గొర్రెలేమన్నా బస్సెక్కుతాయా?"

నేను మా అన్నకు ఫోన్ చేసి ఆమె చెవి దగ్గర పెట్టాను. ముందు గొర్రెపిల్లల అరుపులు. ఆ తరువాత మా అన్న: "తొండూరు వచ్చినాం. ఈడ మేత లేదు, నీళ్లకాడ ఊరోళ్లు తరుముతాండారు. చేను కుదిరిందా లేదా, ఓ ఓబుళమ్మా? ఇట్లే ఉంటే నేనే ఎవురికో ఒగరికి తోలిచ్చేస్తా!"

ఖాసింబీ ఫోన్ నాకు ఇచ్చేసింది. ఒక హస్తం పండ్లు నా సంచిలో వేసింది.

"నా పేరు చెప్పు," అంది. "గొర్రెల అరుపు నా చెవులతో ఇన్నా గదా."

శెట్టి ఇయ్యని మాట, టీ అంగడి పెద్దమనుషులు ఇయ్యని మాట, రోజూ పండ్లు అమ్మితేనే పొయ్యి వెలిగే మనిషి ఇచ్చింది. పండ్లకు డబ్బులిస్తే తీసుకోలేదు. "రెడ్డి దగ్గర నా పరువు నిలుపు, అదే సాలు" అంది.

పులివెందుల: దున్నిన చేను

మర్నాడు తొండూరు దాటుతుంటే బస్సు కిటికీలోంచి మా మంద కనిపించింది. రోడ్డు పక్క కంపచెట్ల కింద నీడ కోసం తలలు ఒకదాని కింద ఒకటి దూర్చుకుని నిలబడ్డాయి. దిగాలనిపించింది. దిగలేదు. దిగితే చేను పోతుంది.

పులివెందుల చుట్టూ ఎటు చూసినా అరటి తోటలు, మేం చీనీ అనే బత్తాయి తోటలు. మా దిక్కు కాలవ నీళ్లు చేలోకి పారుతుంటే కంటికి కనబడతాయి. ఇక్కడ నల్లపైపుల్లో చుక్కచుక్కగా పోస్తారు. నేల పైన ఎండిపోయినట్టే ఉంటుంది, కాలితో గీకితే లోపల తడి.

రెడ్డి తోట షెడ్డు ముందర కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఖాసింబీ పేరు చెప్పాను.

"మగోళ్లు యాడ?"

"మంద ఎంబడి ఉండారు."

"నీ ఇంటాయన?"

"పోయినాడు."

"మరి మాట ఎవురిది?"

"నాది. మంద నాది, మాటా నాదే."

మూట విప్పి చూపించాను. ఆయన ఎగిరిపడలేదు. రెండు పెంటికలు తీసుకుని చేతిలో నలిపి చూసి కింద వేశాడు. ఆ ఒక్క పనికి ఆయన మీద నాకు సగం కోపం తగ్గింది.

"ఎప్పుడొస్తాది?"

"మాపటికి."

"అమ్మా, ఇట్లాంటివి శానా ఇన్నా," అని మోటరుసైకిలు తీసుకుని తానే తొండూరు దారిన పోయాడు. మందను కళ్లారా చూసి తిరిగి వచ్చాడు. షెడ్డులోంచి ఇంకో కుర్చీ తెచ్చి వేశాడు.

మా చాపాడు దిక్కు రైతులు వడ్లు కొలుస్తారు, ఇక్కడ డబ్బు. అక్కడ బువ్వ రైతు ఇంటికి పోయి తెచ్చుకోవాలి, ఇక్కడ క్యారియరులో చేనికే వస్తుంది. ఒక్కటి మాత్రం రెండు చోట్లా ఒకటే. మంద దిగే రోజున రైతు టెంకాయ కొడతాడు, మంద యజమాని ముందుగా చేలో అడుగుపెట్టి జీవాలను పిలుస్తాడు.

పొద్దు వాలేవేళకు దుమ్ము లేపుకుంటూ మంద వచ్చింది. మా అన్న నన్ను చూసి తిట్టబోయి, దున్నిన చేను చూసి నోరు మూసుకున్నాడు. రెడ్డి టెంకాయ కొట్టాడు. నేను చెప్పులు విడిచాను.

అప్పుడు రెడ్డి తల్లి, చేతికర్ర ఊతంగా నిలబడ్డ అవ్వ, "ఆయమ్మ గాదు" అంది. "కొత్త పిలకలు నాటే చేను. మొగుడు లేని ఆడది ముందర అడుగు పెట్టగూడదు. ఆ అన్నను పెట్టమను."

అందరూ తలలు దించుకున్నారు. మా అన్న కూడా. రెడ్డి గొంతు తగ్గించి, "పోనీలేమ్మా, పెద్దామె. మీ అన్న అడుగేస్తాడు, ఏమైతాది?" అన్నాడు.

ఏమవుతుందా? నా గొర్రెల పెంట ఆ చేనికి కావాలి, నా కాలు మాత్రం తగలకూడదు. బేరగాడిది ఒక రకం, ఈ అవ్వది ఇంకో రకం. ఇద్దరికీ తెలిసింది ఒక్కటే, మా ఆయన చచ్చిపోయాడని. నేను బతికున్నానని ఎవరికీ గుర్తులేదు. ఒక తిట్టు నోటి దాకా వచ్చింది. ఖాసింబీ బండి గుర్తొచ్చి మింగేశాను. చెప్పులు మళ్లీ తొడుక్కుని రోడ్డు మీద నిలబడ్డాను.

మా అన్న చేలోకి దిగి పిలిచాడు. మంద కదలలేదు. మెత్తని దుక్కి, పాముల్లాంటి నల్లపైపులు, కొత్త వాసన. గొర్రెలకు ముందర నడిచేదానికి పెట్టుకున్న నాలుగు మేకలు గట్టు మీదే ఆగిపోయాయి. వెనకవి తోసుకొచ్చాయి. కాపర్లు అదిలించేసరికి సగం మంద పక్క రైతు కూరగాయల చేను వైపు తిరిగింది.

"ఆపండిరా! ఆ చేన్లో పడితే నా పరువు పోతాది!" అని రెడ్డి చేతులు చాచి పరుగెత్తాడు.

"ఇవి నా మాట ఇనవు రెడ్డీ," అని మా అన్న కేకేశాడు. "దావన అదిలిస్తే పోతాయి గానీ కొత్త చేన్లోకి ఆమె గొంతు లేంది దిగవు. పుట్టినప్పటి నుంచీ ఆ గొంతే ఇన్నాయి."

గొర్రెల్ని నువ్వు చూసుకో అని మా ఆయన అన్నది నిజమే కదా. నేనే చూసుకున్నాను.

అవ్వ నా వైపు తిరిగింది. "ఏమ్మే, బొమ్మ మాదిరి చూస్తాండావే, పిలువు!"

"ఈడ నుంచి పిలిస్తే ఈడికే వస్తాయి అవ్వా, రోడ్డు మీదికి. చేన్లోకి రావాల్నంటే చేన్లో నిలబడి పిలవాల."

అవ్వ నన్ను చూసింది, కూరగాయల చేనును చూసింది. "ఎయ్యి, ఎయ్యి అడుగు! ఇంగ ఏం జూస్తావు!"

చెప్పులు విడిచి దిగాను. మడమల దాకా మట్టి. నడిమధ్యకు పోయి నిలబడి, "హుర్ర్‌ర్, రాండే! రాండే!" అని కేకేశాను. మొదట ముసలి మేకపోతు తల తిప్పింది. తరువాత అంతా ఒక్కసారిగా గట్టు దాటి నా మీదికి పారినట్టు వచ్చాయి. పిల్లలు నా కాళ్ల మధ్య దూరాయి. కాపర్లు వల లాగి కట్టేశారు.

"గొంతా అది! ఊరవతల దాకా ఇనిపిస్తాది," అని సణుక్కుంటూ అవ్వ ఇంటి దారి పట్టింది. తప్పు అనలేదు, మంచి అనలేదు. మర్నాడు క్యారియరులో మాత్రం అన్నానికి బదులు వేడి సంగటి, చెనిగ్గింజలు నూరిన ఊరుబిండి పచ్చడి వచ్చాయి. "అవ్వ పంపిచ్చింది, ఆయమ్మకు పెట్టమనింది" అని తెచ్చిన మనిషి చెప్పాడు. తిన్నాను. ఉప్పు సరిపోయింది. కోపం అయితే పోలేదు.

తిరుగు దారి

వల చేనంతా తిరిగి ఆఖరి మూలకు వచ్చిన రోజు, ఆ కూరగాయల చేను రైతు గట్టు మీదికి వచ్చి రెడ్డిని అడిగాడు, "ఎవురిదబ్బా ఈ మంద?"

"చాపాడు ఓబుళమ్మది," అన్నాడు రెడ్డి. "నీకు గావాల్నంటే ఆయమ్మతోనే మాట్లాడు. వాళ్లన్నతో గాదు."

మంద ఇప్పుడు ఆ రైతు చేలో ఉంది. ఆయన బావమరిది కూడా అడిగాడట. జమ్మలమడుగులో దిగి ఖాసింబీని చూసి వచ్చాను. రెడ్డి ఈసారి తిట్టకుండా కాయలు ఇచ్చాడని చెప్పి, నా అరుపును టీ అంగడి వాళ్లకు చేసి చూపించింది. నిన్న ప్రొద్దుటూరు బేరగాడు ఫోన్ చేశాడు. "ఏమ్మా, ఎంతకిస్తావు చివరికి?" అన్నాడు. "ఏంది, పెంటికలా?" అని అడిగి పెట్టేశాను.

అంతే భారతీ, అయిపోయింది. ఇప్పుడు నాకు చదివి వినిపించు. అంతా వద్దు. మొదట మీ మామ నాతో అన్న ఆ ఆఖరి మాట చదువు. ఆ వెంటనే గట్టు మీద రెడ్డి అన్న మాట చదువు. మధ్యలోది నేను నడిచిందే, నాకు తెలుసు. గట్టిగా చదువమ్మీ.